పాము కాదండీ, మొక్క!

నిన్నటి సంగతి. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. రోడ్డు పక్కన పసుపు పూల మొక్క కనిపించింది. తెలిసినదే, పేరే నోట్లోకి రాదు. ఫోన్‌లో మొక్కల్ని గుర్తుపట్టే యాప్ ఉంది కదా అని బండి ఆపాను.

ఒక ఫోటోకి 'బెండ' అంది. ఇంకో ఫోటోకి 'పత్తి' అంది. మరీ అబద్ధమేం కాదు, ఈ మొక్క ఆ రెండింటికీ చుట్టమే, మందారం కూడా అదే కుటుంబం. కానీ శుభలేఖ మీద ఇంటిపేరు మాత్రం రాసి పంపితే పెళ్లికి ఎవరొస్తారు?

తర్వాత యాప్ గారి కోరికలు మొదలయ్యాయి. విచ్చుకున్న పువ్వు కావాలట. ఈ పూలు సాయంత్రం పూట విచ్చుకుంటాయి. పొద్దున్నే ఎక్కణ్ణుంచి తేను? పోనీ, ఆకు అడుగు భాగం చూపించమంది.

ఆకు అడుగు చూపించాలంటే మోకాళ్ల మీద కూర్చుని, తల నేలకు ఆనించి, ఫోన్‌ని ఆకు కిందికి తోయాలి. రోడ్డు మీద మనిషి ఆ భంగిమలో ఉంటే జనం పోగవడానికి ఎంతసేపు? "ఏం పడిపోయిందండీ?" అన్నారెవరో. అప్పుడే ఫోకస్ కుదురుతోంది. నోరు మెదపకుండా, ఆగమని చెయ్యెత్తాను. అదే కొంప ముంచింది. కదలకుండా, పలకకుండా, పొదలోకి చూస్తూ చెయ్యెత్తినవాడు ఏం చూసినట్టు? వెనక ఒకరు "పాము" అన్నారు. పక్కాయన దాని రంగు చెప్పాడు. ఇంకొకాయన తోక చూశానన్నాడు. ఒకావిడ పిల్లాణ్ణి చంకనెత్తుకుంది. తోక మాట వినగానే నాక్కూడా కాళ్లు వణికాయి.

ఎవరో కర్ర తెచ్చారు.

మొక్క పోయింది. చుట్టూ పళ్లున్న చక్రాల్లాంటి కాయలు నా చొక్కా మీద పడ్డాయి. చిన్నప్పుడు సిరాలో అద్ది పుస్తకాల నిండా అచ్చులు గుద్దిన కాయలు! ముద్రబెండ. తుత్తురుబెండ అనీ అంటారు. కాయ ఫోటో ముందే అడిగి ఉంటే ఈ గొడవే లేదు. యాప్ మాత్రం 'మొక్క కదులుతోంది, మళ్లీ తీయండి' అంటోంది.

"మొక్క కోసం వంగానండీ" అని చెబితే కర్రాయన ముఖం మాడ్చుకున్నాడు. ముందే చెప్పొద్దా, ఆఫీసుకు లేటైందని నా మీదే అరిచాడు. తోక చూసినాయన మాత్రం ఒప్పుకోలేదు. పాము నా బండిలో దూరిందని, సీటు విప్పడానికి స్పానర్ తెచ్చాడు.