తోడేలు పళ్ళు తోముకుంటుందా?

"అడవిలో తోడేలు పళ్ళు తోముకుంటుందా? పచ్చి మాంసం, బొమికలు పెట్టండి, మీ కుక్కకూ పిల్లికీ జన్మలో పళ్ళ జబ్బు రాదు, పెరుగన్నమే పళ్ళను పిప్పి చేస్తుంది" అన్న వాట్సాప్ సందేశం జంతుప్రేమికుల మధ్య తెగ తిరుగుతున్నది. ఇందులో కాస్త నిజం కలిసి ఉన్నందువల్లనే దీనికి జవాబు చెప్పవలసి వస్తున్నది.

ముందుగా అడవి సంగతి. దక్షిణాఫ్రికాకు చెందిన మారియన్ దీవికి ఎలుకల బెడద తీర్చడానికి 1949లో తెచ్చిన ఐదు పిల్లుల సంతతి, 1991 నాటికి నిర్మూలమయ్యేదాకా, ప్రధానంగా సముద్రపక్షులను వేటాడి పచ్చిగానే తిని బతికింది. వాటి పుర్రెలను పరీక్షించగా గార పట్టినవి కొద్దిగానే కనిపించాయి గాని, సగానికి పైగా పుర్రెల్లో చిగుళ్ళ వ్యాధి ఎముకదాకా దిగిన ఆనవాళ్ళు బయటపడ్డాయి. పన్ను తెల్లగా ఉన్నంత మాత్రాన చిగురు బాగున్నట్టు కాదు; అసలు హాని చేసేది చిగురు అంచు కిందికి చేరే పాచిలోని సూక్ష్మజీవులే.

బొమిక నమిలితే గార తగ్గుతుందన్న మాట నిజమే. అయితే కుక్క పెదవిని పక్కకు ఎత్తి చూస్తే పై వరుసలో అన్నిటికంటే పెద్దదిగా కనిపించే పన్ను ఒకటుంది. గట్టి బొమికను కొరికేది దానితోనే, తరచుగా పగిలేదీ అదే. దాని బయటివైపు పెచ్చు లేచిపోయి, నడుమ గులాబీ రంగు చుక్క కనిపిస్తే లోపలి నాడి బయటపడిందన్నమాట. ఇక రూట్ కెనాల్ చేయించడమో, పీకించడమో తప్పదు. గోటితో నొక్కితే నొక్కు పడని వస్తువును నమలడానికి ఇవ్వకూడదన్నది పశువైద్యులు చెప్పే సులువైన పరీక్ష.

పెరుగన్నం మీద మోపిన నేరం మాత్రం నిలవదు. కుక్క లాలాజలానికి మన లాలాజలంకంటే క్షారగుణం ఎక్కువ కాబట్టి వాటిలో పిప్పిపన్ను అరుదు, పిల్లుల్లో దాదాపు కనిపించదు. ఆ క్షారగుణమే పాచిని రెండు మూడు రోజుల్లో గారగా గట్టిపరుస్తుంది. (పిల్లికి ఒట్టి పెరుగన్నం పెట్టడం తప్పే, కాని అది మాంసంలో దొరికే, పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం లోపానికి సంబంధించిన తప్పు.)

ఈ సందేశానికి జవాబుగా "డ్రై ఫుడ్ పెడితే చాలు" అనేవారి మాటా సరికాదు. మామూలు గుళిక పంటి మొన తగలగానే చిట్లిపోతుంది, చిగురు దగ్గర రుద్దదు. పళ్ళకోసమే తయారుచేసిన పెద్ద గుళికలు పీచు అల్లికవల్ల పన్ను దిగేదాకా విరగవు. అటువంటివాటిలో పరీక్షకు నిలిచినవాటికే 1997లో ఏర్పడిన వెటర్నరీ ఓరల్ హెల్త్ కౌన్సిల్ తన ముద్ర ఇస్తుంది. అవి పెట్టినా, పాచి గట్టిపడేలోగానే, అంటే వీలైతే రోజూ, మెత్తని బ్రష్‌తో తోమాలి. పేస్టు జంతువులకోసం చేసినదే కావాలి, ఎందుకంటే మన పేస్టుల్లో కొన్నిటిలో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కకు విషం.