రాగి తొడుగు ఉంటేనే గురి కుదురుతుందా?

బెంగళూరులోని తెలుగు షూటర్ల మధ్య కొంతకాలంగా ఒక వాట్సాప్ సందేశం తిరుగుతోంది. ఖాళీ తూటా గొట్టంలో తుపాకిమందు, బుల్లెట్ పెట్టి రివాల్వర్ తూటాలను స్వయంగా నింపుకొనేవారు రాగి తొడుగు ఉన్న బుల్లెట్లే ఎంచుకోవాలనీ, వేగం పెరిగేకొద్దీ గురి మెరుగవుతుందనీ, బుల్లెట్ కొలత బ్యారెల్‌కు సరిపోతే చాలనీ, సీసమే వాడాల్సివస్తే అన్నిటికన్నా గట్టిదే కొనాలనీ దాని సారాంశం. ఈ పని ఇంట్లోనే మొదలుపెట్టవచ్చన్న సలహా కూడా చివర ఉంది. రేంజికి కొత్తగా వస్తున్న పిల్లలు దీన్ని నమ్ముతున్నారు కాబట్టి ప్రతి మాటకూ జవాబు చెప్పవలసి వస్తోంది.

రాగి తొడుగు మాట మొదట చూద్దాం. పాతిక మీటర్ల కాగితపు గురికి .38 స్పెషల్ అనే రివాల్వర్ తూటా రకంలో తరతరాలుగా పేరు తెచ్చుకున్నది 148 గ్రెయిన్ల, అంటే సుమారు 9.6 గ్రాముల, సీసపు వాడ్‌కటర్ అనే బుల్లెట్. దాని ముందు భాగం చదునుగా ఉండటం వల్ల కాగితాన్ని చించకుండా గుండ్రంగా కత్తిరిస్తుంది, పాయింట్ల గీతను తాకిందా లేదా అన్న వివాదం మిగలదు. ఈ ఒక్క తూటా కోసమే స్మిత్ అండ్ వెసన్ అనే అమెరికా తుపాకుల కంపెనీ మోడల్ 52 అనే పిస్టల్‌ను తయారుచేసింది. మాగ్నమ్ అనే శక్తిమంతమైన తూటాల వేగాలకు రాగి తొడుగు బాగా నప్పుతుందన్నది నిజమే. కానీ తక్కువ తుపాకిమందుతో తొడుగు బుల్లెట్‌ను పేల్చితే అది బ్యారెల్‌లోనే ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది.

వేగం సంగతి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆ వాడ్‌కటర్ సెకనుకు దాదాపు 700 అడుగుల వేగంతోనే తన పని చేస్తుంది. యాభై మీటర్లు దాటాక దాని నిలకడ తగ్గుతుందని ఒప్పుకోవాలి, అయితే మన పోటీలు అంత దూరానివి కావు.

అసలైన పొరపాటు కొలత విషయంలో ఉంది. .38 స్పెషల్ పేరులో 38 ఉన్నా బుల్లెట్ వ్యాసం 0.357 లేదా 0.358 అంగుళమే. రివాల్వర్‌లో బుల్లెట్ నేరుగా బ్యారెల్‌లోకి పోదు. ముందు సిలిండర్‌లోని ఛాంబర్ (తూటా కూర్చునే రంధ్రం) మూతి గుండా వెళ్లి, చిన్న ఖాళీని దాటి, ఆ తర్వాతే బ్యారెల్ లోపల మెలికగా ఉండే గాడులను అందుకుంటుంది. ఆ మూతి బ్యారెల్ కన్నా ఇరుకుగా ఉంటే బుల్లెట్ అక్కడే నలిగి సన్నబడుతుంది, అప్పుడు వేడి వాయువు పక్కల నుంచి దూసుకుపోయి సీసాన్ని కరిగించి గాడులకు పూస్తుంది. మరీ వెడల్పుగా ఉంటే బుల్లెట్ ఒరిగి బయలుదేరుతుంది. కాబట్టి సీసపు బుల్లెట్‌ను ముందుగా పోల్చవలసింది ఛాంబర్ మూతితో. ఆ మూతి బ్యారెల్ గాడుల కన్నా ఇరుకు కాకూడదు.

డాలస్‌లో చట్టబద్ధంగా తూటాలు నింపుకొనే మా పెదనాన్నగారి అబ్బాయి బల్ల దగ్గర దీన్ని నా కళ్లతో చూశాను. అన్నయ్య ఖాళీ సిలిండర్‌ను విప్పి ఒక్కొక్క రంధ్రంలో బుల్లెట్ పెట్టి బొటనవేలితో నొక్కారు. ఐదింటిలో కొద్దిపాటి ఒత్తిడికే జారిపోయింది, ఆరోదానిలో ఆగిపోయింది. అంతకుముందు రోజు కాగితం మీద ఐదు రంధ్రాలు ఒక ముద్దగా ఉండి, ఒకటి మాత్రం ఎడమవైపు దూరంగా పడటానికి కారణం అదే. ఆ ఛాంబర్‌ను పనివాడి చేత సరిచేయించాక ఆ దూరపు రంధ్రం మళ్లీ కనిపించలేదని తర్వాత ఫోనులో చెప్పారు. బుల్లెట్ బ్రాండు మార్చి ఉంటే దానివల్ల ఒరిగేదేమీ ఉండేది కాదు.

గట్టి సీసం వాదన కూడా దీనితోనే వీగిపోతుంది. కొలత కుదిరితే మెత్తని సీసం కూడా శుభ్రంగా పోతుంది, కుదరకపోతే గట్టిదీ గాడులను పూస్తుంది. అడుగున బోలుగా ఉండే వాడ్‌కటర్‌కైతే మెత్తదనమే బలం, ఎందుకంటే పేలుడు ఒత్తిడికి దాని అంచు విచ్చుకుని గాడులను మూసేస్తుంది. అదే బుల్లెట్‌కు మితిమీరిన మందు పెడితే ఆ అంచు తెగి బ్యారెల్‌లో మిగిలిపోవచ్చు, తర్వాతి తూటాకు అది ప్రాణాంతకం.

ఇక ఇంట్లో మొదలుపెట్టమన్న సలహా. 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నిషిద్ధం. అమెరికాలో ఉన్న బంధువు బల్ల మీద చూసింది ఇక్కడి ఫ్లాట్‌లో చేయడానికి వీల్లేదు, ఆ సందేశాన్ని పంపుతున్నవారు కనీసం ఆ చివరి వాక్యాన్నైనా తీసేయాలి.