ఎన్ని దిండ్లు వేసుకుంటారు?

థర్డ్ ఇయర్‌లో జనరల్ మెడిసిన్ పోస్టింగ్. ఫిమేల్ వార్డులో కిటికీ పక్క మంచం మీద ఒక మామ్మ. కాళ్ల వాపులు, ఆయాసం. మా బ్యాచ్ ఇరవై మందిమి ఆవిడ చుట్టూ మూగాం. ఆ రోజు హిస్టరీ తీసే వంతు నాది. గుండె జబ్బని అనుమానం వస్తే ఏం అడగాలో పుస్తకంలో ఉంది కదా, దాన్నే తెలుగు చేసి అడిగేశాను.

"మామ్మా, రాత్రి ఎన్ని దిండ్లు వేసుకుని పడుకుంటారు?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "దిండెక్కడిది తల్లీ? చెయ్యే పెట్టుకుంటా."

సరే, ఆర్థాప్నియా, అంటే పడుకుంటే ఆయాసం వచ్చి తల కింద దిండ్లు పెంచుకోవాల్సి రావడం, లేదు అని రాసేసుకున్నా. వెనక నిలబడ్డ పీజీ మేడమ్ నా నోట్సు చూసి, ఏమీ అనకుండా మంచం దగ్గరికి వచ్చి అడిగింది. "మామ్మా, రాత్రిళ్లు పడుకుంటున్నావా, కూర్చునే ఉంటున్నావా?"

"పడుకోవడం ఎక్కడమ్మా! నడుం వాలిస్తే ఊపిరాడట్లేదు. నెల్లాళ్లయింది, గోడకి జారబడి తెల్లారగడుతున్నా."

నేను లేదని రాసిన లక్షణంతో ఆవిడ నెల రోజులుగా నిద్ర లేకుండా ఉంది.

ఇప్పుడు నేను హౌస్ సర్జన్‌ని. ఎంబీబీఎస్ అంటే నాలుగున్నరేళ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. ఇన్నేళ్లలో మాకు ఎవరూ నేర్పనిది ఒక్కటే, పేషెంటుతో తెలుగులో మాట్లాడటం. నవ్వకండి. నేను తెలుగింట్లోనే పుట్టాను. కానీ ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్ మాది. తెలుగు అంటే ఇంట్లో మాట్లాడుకునే నాలుగు మాటలే. మునగకాయల పులుసు గురించి మాట్లాడే తెలుగుతో ముట్టు గురించి, మూత్రం గురించి, మొగుడు తాగే మందు గురించి ఎలా అడగాలో తెలియదు.

2019 నుంచి వచ్చిన కొత్త సిలబస్‌లో పేషెంట్లతో మాట్లాడే తీరుకి ప్రత్యేకంగా క్లాసులున్నాయి. మాకూ జరిగాయి, ఏసీ హాల్లో, ఇంగ్లీషు స్లైడ్లతో. లాగ్‌బుక్‌లో సంతకాలు కూడా అయిపోయాయి.

కళ్లు తిరుగుతున్నాయి అని వచ్చేవాళ్లని చూడండి. ఇల్లంతా గిర్రున తిరుగుతోందా, లేక లేవగానే చీకట్లు కమ్ముతున్నాయా? మొదటిదైతే చెవి వైపు ఆలోచించాలి, రెండోదైతే బీపీ, రక్తం, గుండె చూడాలి. ఆ ఒక్క ప్రశ్న సరిగ్గా పడకపోతే టెస్టుల మీద టెస్టులు రాయడమే. ఇక "గ్యాస్ పట్టేసింది" అంటూ గుండె మీద చెయ్యి పెట్టుకుని వచ్చే పెద్దాయన్ని ఈసీజీ తీయకుండా పంపించకూడదని తెలియాలంటే, మన ఊళ్లలో గ్యాస్ అనే మాట ఎన్ని నొప్పుల్ని మోస్తోందో ముందు తెలియాలి.

అది వార్డులోనే తెలుస్తుంది. వార్డులో ఎవరుంటున్నారు? క్లినికల్స్‌కి 80 శాతం అటెండెన్స్ కావాలి కాబట్టి సంతకం పెట్టి, పది దాటేసరికి లైబ్రరీలో పీజీ ఎంట్రన్స్ ప్రిపరేషన్ యాప్ తెరుస్తారు. వాళ్లని తప్పు పట్టను, నేనూ అదే చేశాను. ఆ ఎంట్రన్స్, నీట్ పీజీలో 200 ప్రశ్నలు, 800 మార్కులు, తప్పు రాస్తే ఒక మార్కు కోత. ఆ ప్రశ్నల్లో మామ్మ ఉండదు. ఆర్థాప్నియా ఉందని వాళ్లే ఇంగ్లీషులో రాసిచ్చేస్తారు. మామ్మ మాటని ఆ పదంగా మార్చే పని ఎవరూ పరీక్షించరు.

ఫైనల్ ఇయర్ ప్రాక్టికల్స్‌లో ఇంకో తమాషా. గుండెలో మర్మర్ (గుండె చప్పుడుతో పాటు వినిపించే అదనపు శబ్దం) ఉన్న పేషెంట్లని ఏటా పిలిపిస్తుంటారు. నాకొచ్చినాయన నా వణుకు చూసి జాలిపడి, "వాల్వు సన్నబడిందంట పాపా, ఎడం పక్కకి తిరగమంటావా?" అన్నాడు. ఆ శబ్దం ఎలా పడుకుంటే బాగా వినిపిస్తుందో ఆయనకి నాకంటే బాగా తెలుసు. స్టెతస్కోపులు ఆనించిన పిల్లల్ని లెక్కపెట్టడం మానేశాడట.

సెకండ్ ఇయర్ తమ్ముళ్లూ చెల్లెళ్లూ, నోట్సు చివరి పేజీలు ఖాళీగా ఉంచుకోండి. నావి పేషెంట్ల మాటలతో నిండిపోయాయి. మొన్న నైట్ డ్యూటీలో ఒకావిడ "కడుపులో దేవుతోంది" అంది. నేను తెల్లమొహం వేశాను. ట్రాలీ తోస్తున్న ఆయమ్మే చెప్పింది, "వాంతి వచ్చేట్టుందంటోంది, బేసిన్ పట్టు!"

పట్టేలోపే నా చెప్పులు తడిశాయి.