రేటింగ్ పడితే మానెయ్యాలా?

కాంపిటీటివ్ ప్రోగ్రామింగ్ అంటే ఇచ్చిన సమయంలో ప్రాబ్లమ్స్‌కి కోడ్ రాసే ఆన్‌లైన్ పోటీలు. దాని మీద "కాంపిటీటివ్ ప్రోగ్రామింగ్: ఐదు చేదు నిజాలు" అనే మెసేజ్ ఈ వారం మళ్లీ తిరుగుతోంది. నాకు పంపినవాళ్లలో కొందరు ఇప్పటికే ప్రాక్టీస్ మానేసి దిగులుపడుతున్నవాళ్లు. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

"పైథాన్‌తో రాస్తే దండగ" అట. టైమ్ లిమిట్ (ప్రోగ్రామ్ నడిచి ముగియాల్సిన గడువు) బిగుతుగా ఉన్నచోట సీ ప్లస్ ప్లస్సే మేలు, మిగతాచోట్ల ఏదైనా నడుస్తుంది. దీనికింతకంటే చర్చ అక్కర్లేదు.

"రోజుకు పది ప్రాబ్లమ్స్ చెయ్యనివాడు సీరియస్ కాదు." తేలిగ్గా వచ్చేవి పది చేస్తే సంఖ్య పెరుగుతుంది, కొత్తది ఒక్కటీ తలకెక్కదు. ఒక్కదానితో గంటన్నర కుస్తీ పట్టిన రోజే ఎక్కువ నేర్చుకుంటాం.

మూడోది చదివితే ఒళ్లు మండుతుంది: "రేటింగ్ పడుతోందంటే టాలెంట్ లేదని అర్థం, మానెయ్." ఈ పోటీలు పెట్టే కోడ్‌ఫోర్సెస్ సైటు ఇచ్చే రేటింగ్, చదరంగంలో ఆటగాళ్లకు అంకె ఇచ్చే ఎలో పద్ధతి లాంటిది. మీకెంత వచ్చో అది కొలవదు. ఆ రోజు పోటీకి దిగినవాళ్లలో మీకు రావాల్సిన ర్యాంకు కంటే పైన ఉన్నారా, కిందా అని చూస్తుంది, అంతే. అందరితోపాటు మీరూ మెరుగుపడుతుంటే అంకె కదలదు. ఇక ఒక్క చిన్న పొరపాటు చాలు: కూడిక మొత్తం 2147483647 దాటుతుందని గమనించక, అంతవరకే పట్టే ఇంట్ (int) అనే రకంలోనే ఉంచేశారనుకోండి, కాంటెస్ట్ అయ్యాక జరిగే సిస్టమ్ టెస్టుల్లో మీ సబ్మిషన్ ఎగిరిపోతుంది. 1615 ఉన్న రేటింగ్ 1580 అవుతుంది, దాన్నిబట్టి మీ పేరుకు వచ్చిన నీలం రంగు పోతుంది. పొద్దున ఉన్న తెలివి సాయంత్రానికి పోయిందా? దీనికే నిద్రమాని కూర్చున్న కుర్రాడితో "నీ వల్ల కాదు" అనడానికి మనసెలా వచ్చింది?

పోయిన ఉత్సాహం తిట్లతో తిరిగిరాదు. కొన్నాళ్లు రేటెడ్ కాంటెస్టులు (రేటింగ్‌ను మార్చేవి) ఆపండి. పాత కాంటెస్టులు వర్చువల్‌గా, అంటే అప్పుడు జరుగుతున్నట్టే గడియారం పెట్టుకుని రాయండి, దాంతో రేటింగ్ మారదు, టెన్షన్ ఉండదు. ఒకప్పుడు కొరుకుడుపడనిది ఇప్పుడు చేతికొస్తే కలిగే ఆనందమే మళ్లీ కూర్చోబెడుతుంది.

"ఎడిటోరియల్ చూడటం మోసం" అనేది నాలుగోది. ఎడిటోరియల్ అంటే ప్రాబ్లమ్స్‌ని ఎలా చెయ్యాలో చెప్పే వివరణ. కాంటెస్ట్ అయ్యాక దాన్ని పెట్టేదే చదవడానికి! చిక్కుకున్నచోటు దాటేవరకు చదివి, మూసేసి, కోడ్ మీరే రాయండి.

ఐదోది: "పోటీల్లో గెలిచినవాళ్లు ఉద్యోగంలో పనికిరారని గూగులే తేల్చింది." గూగుల్‌లో పరిశోధన విభాగాన్ని నడిపిన పీటర్ నార్విగ్ ఒక ప్రసంగంలో అన్నదాన్ని ఇలా సాగదీశారు. ఆయన మాట్లాడింది గూగుల్‌లో చేరినవాళ్ల గురించి, అంటే అంత కష్టమైన వడపోత దాటినవాళ్ల గురించి. బయట ఉన్న అందరికీ దాన్ని అంటగడితే ఎలా? రెండు లక్షల రికార్డుల మీద లూప్‌లో లూప్ (ప్రతి రికార్డుకూ మళ్లీ అన్నిటినీ చూసే కోడ్) రాస్తే నాలుగు వేల కోట్ల అడుగులవుతాయని రాయకముందే తట్టడం కాంటెస్టులు నేర్పేదే. ఆఫీసులో వంద రికార్డులకు బాగా నడిచి, లక్షకు చేరేసరికి స్తంభించే పేజీని సరిచేసేటప్పుడు కావాల్సిందీ అదే.

అయితే చివర్లో ఒక మాట సరిగ్గా చెప్పారు: ఉద్యోగం కోసమే అయితే, ఇంటర్వ్యూలకు సరిపడా వచ్చాక ఆపి ప్రాజెక్టుల మీద పడమన్నారు. పూర్తిగా ఒప్పుకుంటాను. రేటింగ్ 2400 దాటి పేరుకు ఎర్ర రంగు తెచ్చుకోవడానికి ఏళ్లు పడుతుంది, ఇష్టం లేనిదే ఆ శ్రమ పడకూడదు. పైగా కాంటెస్టులో రాసిన కోడ్‌ని ఆ తర్వాత ఎవరూ ముట్టుకోరు. ఆఫీసులో రాసినదాన్ని ఏళ్ల తరబడి వేరేవాళ్లు చదివి మార్చాలి. వాళ్లకు అర్థమయ్యేలా రాయడం ఏ కాంటెస్టూ నేర్పదు, విడిగా నేర్చుకోవాల్సిందే.