చెప్పకుండా ఉండే హక్కు

అమెరికాలో ఏటా మే నెలాఖరుకు కంపెనీలు ఒక పత్రం దాఖలు చేయాలి. దాని పేరు ఫారమ్ ఎస్‌డీ. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ఇంకా సవాలక్ష వస్తువులు అమ్మేవాళ్లు తమ సరుకులోని తగరం, టాంటలం అనే లోహం, టంగ్‌స్టన్, బంగారం ఆఫ్రికాలోని కాంగోలో తుపాకులు పట్టిన ముఠాలను పోషించాయో లేదో అందులో చెప్పుకోవాలి. వరసపెట్టి కొన్ని చదివాను. గొప్ప కరుణరసం. వెతికామంటారు, అడిగామంటారు, చిత్తశుద్ధితో శ్రమించామంటారు, చివరికి తేల్చుకోలేకపోయామంటారు. చదువుతుంటే కన్నీళ్లు ఆగవు.

నమ్మాలి మరి. తమ ఫోన్‌లో ఉన్నది ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకు తెలిసే దారి లేదు. అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో ఖరీదైన ఫోన్‌కి బయటి బ్యాటరీ వేయించి చూడండి, ఇంటికి చేరేలోపే ‘ఈ భాగం ఎక్కడిదో తెలియదు’ అని ఫోనే మీ మీద చాడీ చెబుతుంది. అది వేరే శాఖలెండి. బ్యాటరీ శాఖలో సీఐడీలు పనిచేస్తారు, టాంటలం శాఖలో పసిపిల్లలు.

ఆ పసిపిల్లల వాకబు చూసి తీరాలి. ఒక ఎక్సెల్ షీటు ఉంటుంది, అవును-కాదు ప్రశ్నలతో. కంపెనీ దాన్ని తనకు భాగాలు అమ్మేవాడికి పంపుతుంది. వాడు తనకు అమ్మేవాడికి పంపుతాడు. అలా ఖనిజం కరిగించేవాడి దాకా వెళ్లి, అన్ని గడుల్లోనూ మంచి మాటలు నింపుకుని వెనక్కి వస్తుంది. అచ్చం పెళ్లి సంబంధం వాకబే, కాకపోతే అబ్బాయి గుణగణాల గురించి అబ్బాయి తండ్రికే ఫోన్ చేశారు. ‘మావాడు బంగారమండీ’ అన్నాడాయన. ఇంకాస్త లోతుగా కనుక్కుందామని బాబాయిని అడిగితే ‘అన్నయ్య చెప్పాడుగా’ అన్నాడు. మేనమామని అడిగితే ‘బావగారు అబద్ధమాడతారా’ అని నొచ్చుకున్నాడు. పొరుగింటివాళ్లని అడుగుదామంటే వాళ్ల నంబరు షీటులో లేదు. అబ్బాయి జైల్లో ఉన్నాడని ఊరంతా తెలుసు, పేపర్లో కూడా పడింది. కానీ పేపరు చదవాలని ఏ నిబంధనలోనూ లేదే! అందుకని శుభలేఖ మీద ‘వాకబు క్షుణ్ణంగా జరిగినది, వరుడు చెడ్డవాడనుటకు తగిన ఆధారము దొరకలేదు’ అని అచ్చేయించి, అంచుకు పసుపు రాసి పంచిపెట్టారు.

పేపర్లో పడిందని ఊరికే అనలేదు. తూర్పు కాంగోలో ఉత్తర కివూ రాష్ట్రంలోని రుబాయా కొండల్లో మనుషులు పారలతో తవ్వే కోల్టాన్ అనే ఖనిజం నుంచి ప్రపంచపు టాంటలంలో దాదాపు 15 శాతం వస్తుంది. 2024 ఏప్రిల్‌లో రుబాయాను ఎం23 అనే తిరుగుబాటు ముఠా పట్టుకుంది. ఆ ముఠా నెలకు 8 లక్షల డాలర్ల దాకా పన్నులు వసూలు చేస్తోందనీ, సరుకు సరిహద్దు దాటి పక్కదేశం రువాండా ఖనిజంలో కలిసిపోతోందనీ ఐక్యరాజ్యసమితి నిపుణులే రాశారు. సంచులకు ఏ గనిదో చెప్పే ట్యాగులు కడితే మోసం ఆగుతుందని అంతకుముందు చెప్పేవారు. ఆ ట్యాగులే దొంగ సరుకును దొరసరుకు చేస్తున్నాయని 2022లో గ్లోబల్ విట్‌నెస్ అనే నిఘా సంస్థ బయటపెట్టింది (ట్యాగులవాళ్లు ససేమిరా కాదన్నారు). ముఠాల ఖనిజం మీద సొంత చట్టమున్న యూరోపియన్ యూనియన్ 2024 ఫిబ్రవరిలో ఖనిజాల కోసం రువాండాతోనే ఒప్పందం రాసుకుంది.

ఈ ఫారం ఆకాశం నుంచి ఊడిపడలేదు. అమెరికా కాలేజీల్లో కుర్రకారు ప్లకార్డులు పట్టుకుని, షోరూముల ముందు నిలబడి, కంపెనీల పేజీల్లో ప్రశ్నలు గుమ్మరించి ప్రాణాలు తోడేస్తే 2010లో డాడ్-ఫ్రాంక్ అనే ఆర్థిక సంస్కరణల చట్టంలో 1502వ సెక్షన్ చేరింది. దానివల్ల కొనేవాళ్లు ఒక్కసారిగా వెనక్కి తగ్గి, తవ్వుకుని బతికేవాళ్ల పొట్ట కూడా కొట్టారు, అదీ నిజమే. అదే ఏడాది ఒక కస్టమర్ మెయిల్‌కి యాపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ జవాబిస్తూ, సరఫరాదారులందరి చేతా రాయించుకుంటున్నాం గానీ వాళ్లకి కూడా కచ్చితంగా తెలిసే మార్గం లేదని ఒప్పేసుకున్నాడు. ఆయన రెండు ముక్కల్లో తేల్చింది ఇప్పుడు పేజీలకు పేజీలు పడుతోంది.

చట్టం ఇంకో మాట కూడా చెప్పమంది. ముఠాల సొమ్ము అంటలేదని తేలని సరుకుంటే, తేలలేదని బహిరంగంగా ఒప్పుకోవాలి. తయారీదారుల సంఘం కోర్టుకెక్కింది. వాషింగ్టన్‌లోని అప్పీళ్ల కోర్టు 2014లో ఒకసారి, 2015 ఆగస్టులో మళ్లీ తీర్పిచ్చింది: కంపెనీ చేత అలా బలవంతంగా చెప్పించడం వాక్ స్వాతంత్ర్యానికి భంగం. అసలు నోరే లేని కంపెనీకి నోరు మూసుకునే హక్కు దక్కింది.

ఇక్కడికొచ్చేసరికి నాకు నవ్వు రావడం లేదు. కాంగోలోని గోమా నగరంలో 2012 నుంచి లుచా అని యువకుల ఉద్యమం ఉంది. నాయకుడు లేడు, చేతిలో రాయి కూడా పట్టరు. తాగునీళ్లు అడిగారు, ఉద్యోగాలు అడిగారు, చంపడం ఆపమన్నారు. 2016 ఫిబ్రవరిలో అధ్యక్షుడు గడువు దాటినా కుర్చీ వదిలేలా లేడని సమ్మెకు బ్యానర్లు సిద్ధం చేసుకుంటుంటే ఆరుగురిని పట్టుకెళ్లి రెండేళ్ల జైలు వేశారు. అప్పీలులో ఆరు నెలలకు తగ్గించారు. బ్యానర్ మీద నాలుగు మాటలకి! వాళ్ల వాక్ స్వాతంత్ర్యం కోసం ఏ తయారీదారుల సంఘం కోర్టుకెక్కింది? అదే దేశంలోని బుకావులో డాక్టర్ డెనిస్ ముక్వేగే ముఠాలు చెరిచిన ఆడవాళ్లకు ఏళ్ల తరబడి ఆపరేషన్లు చేశారు. 2012లో ఆయన్ని ఇంటి దగ్గరే చంపబోతే కాపలాదారు ప్రాణం పోయింది. ఆయనే 2018లో నోబెల్ వేదికెక్కి, ఫోన్లు కొనే మనందరికీ ఆ ఖనిజాల సంగతి ముఖం మీదే చెప్పారు. ఇంకేం వాకబు కావాలి మీకు? ఎక్సెల్‌లో ఏ గడి ఖాళీగా ఉంది?

సరిగ్గా ఆ 2015 ఆగస్టులోనే మన శ్రీసిటీలో చేసిన ఫోన్‌ని విశాఖలో ఆర్భాటంగా విడుదల చేశారు. ఎన్ని ఉద్యోగాలొస్తాయో చెప్పారు, ధరెంతో చెప్పారు. లోపలి టాంటలం ఏ కొండదని ఎవరైనా అడిగినట్టు నాకు గుర్తులేదు. అడగాలని మన దేశంలో చట్టం కూడా లేదు. అంచేత మన దగ్గర అమ్మేవాళ్లకి ‘తేల్చుకోలేకపోయాం’ అని రాసే కాగితం ఖర్చు కూడా మిగులే.