‘పేషెంట్ రాలేదు’ అన్న ముక్క వెనక

పొద్దున్నే ఆపరేషన్ థియేటర్ సిద్ధం. మత్తు డాక్టర్ వచ్చేశారు, పరికరాలు పరిచేశారు. లిస్టులో మొదటి పేరు పిలిస్తే పలికేవాళ్లు లేరు. రిజిస్టర్‌లో ‘పేషెంట్ రాలేదు’ అని రాసేస్తారు. ఎందుకు రాలేదో ఉండదు. పోనీ ఆ టైమ్‌లో ఇంకొకరికి చేద్దామా అంటే వాళ్లు పరగడుపున ఉండాలి, పరీక్షలు అయ్యుండాలి.

భయపడి ఎగ్గొట్టారని తేలిగ్గా అనేస్తాం. భయం నిజమే. కోత కన్నా మత్తే కొందరిని వణికిస్తుంది, ‘మళ్లీ కళ్లు తెరుస్తానా’ అని. కానీ అసలు సంగతి చాలాసార్లు తేదీ ఇచ్చిన రోజుకీ ఆపరేషన్ రోజుకీ మధ్య జరుగుతుంది. పిత్తాశయంలో రాళ్లనే తీసుకోండి. ఆ నొప్పి వస్తుంది, పోతుంది. తేదీ ఇచ్చినప్పుడు మెలికలు తిరిగిపోయిన మనిషికి నెల తర్వాత ఏ బాధా ఉండకపోవచ్చు. రాయి మాత్రం అక్కడే ఉంటుంది. ఆ మాట ఎవరూ విడమరిచి చెప్పకపోతే ‘బాగానే ఉన్నాగా, ఇప్పుడెందుకు కోత’ అనుకోవడంలో వింతేముంది?

అదే రోజు ఇంటికి పంపే ఆపరేషన్లకు ఇంకో చిక్కు. మత్తు ఇచ్చాక 24 గంటలు పెద్దవాళ్లెవరైనా పక్కన ఉండాలంటారు. పేషెంట్‌కి సెలవు దొరుకుతుంది, తోడొచ్చేవాళ్లకే దొరకదు. ఒంటరిగా ఉండేవాళ్ల సంగతి అడగనే అక్కర్లేదు.

వచ్చి కూడా వెనక్కి వెళ్లేవాళ్లున్నారు. ‘ఏమీ తినకండి’ అన్నారు కదా అని తినరు, పాలు కలిపిన కాఫీ తాగేస్తారు. మత్తు లెక్కలో అది తిండి కిందే లెక్క, 6 గంటల ఎడం కావాలి. మామూలు నీళ్లయితే 2 గంటలు చాలు. రక్తం పలచబరిచే క్లోపిడోగ్రెల్ లాంటి మందును డాక్టర్ ఆపమంటే సాధారణంగా 5 నుంచి 7 రోజుల ముందే ఆపాలి. ముందు రోజు సాయంత్రం చెబితే ఏం లాభం?

అందుకే ‘రేపు మీ ఆపరేషన్’ అనే మెసేజ్ మీద నాకంత నమ్మకం లేదు. మర్చిపోయినవాళ్లకే అది పనికొస్తుంది. పది రోజుల ముందు ఓ మనిషి ఫోన్ చేసి, తోడు ఎవరొస్తున్నారు, ఏ మందులు వాడుతున్నారు, ఇంకా చేయించుకోవాలనుందా అని అడగాలి. ఆ చివరి ప్రశ్నకు ‘లేదు’ అన్నా విసుక్కోకూడదు. రాలేమంటే తిడతారేమో, లిస్టులో అట్టడుక్కి తోసేస్తారేమో అని చాలామంది నోరు విప్పరు. ఆ మాట ముందే తెలిస్తే, పరగడుపున రమ్మని ఇంకొకరికి చెప్పడానికి టైమ్ ఉంటుంది.