సగం మారిన గ్రబ్ కన్నా పాత గ్రబ్బే నయం

నల్లగొండలోనో మిర్యాలగూడలోనో పాత కంప్యూటర్ స్లో అయిందని షాపుకి తీసుకెళ్తే, హార్డ్ డిస్కులో ఉన్నదంతా కొత్త ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేసి, పాత డిస్కును ఫార్మాట్ కొట్టి ఫొటోలకీ సినిమాలకీ పనికొస్తుందని లోపలే ఉంచేస్తారు. మంచి పనే. అయితే అందులో ఉన్నది డెబియనో ఉబుంటునో (విండోస్ బదులు వాడే లైనక్స్ రకాలు) అయితే, పైగా బయోస్ అనే పాత పద్ధతిలో ఆన్ అయ్యే మిషన్ అయితే, చిక్కు ఆ రోజు కనపడదు, గ్రబ్‌కి, అంటే ఆన్ చేయగానే సిస్టమ్‌ని లేపే బూట్‌లోడర్ ప్రోగ్రాంకి, అప్‌డేట్ వచ్చిన రోజు కనపడుతుంది.

ఎందుకంటే బయోస్ మిషన్లలో గ్రబ్ ఒక్కచోట ఉండదు. డిస్కు మొదటి సెక్టార్ 512 బైట్లు, అందులో బూట్ కోడుకు దక్కేది 446. దాని వెనకున్న ఖాళీలో కోర్, అంటే గ్రబ్ అసలు ముక్క ఉంటుంది, అది పిలుచుకునే మిగతా ముక్కలు, అంటే మాడ్యూల్సన్నీ బూట్ ఫోల్డర్లో. ఏ డిస్కు మొదట్లో రాయాలో డెబియన్ ఇన్‌స్టాల్ రోజునే ఆ డిస్కు మోడల్, సీరియల్ నంబరుతో సహా గుర్తుపెట్టుకుంటుంది. క్లోన్ చేశాక కూడా అదే గుర్తు. అప్‌డేట్ రాగానే కొత్త కోర్ పాత డిస్కుకి పోతుంది, కొత్త మాడ్యూల్స్ మాత్రం ఎస్‌ఎస్‌డీలో పడతాయి. మిషనేమో ఎస్‌ఎస్‌డీలోని పాత కోర్‌తో లేస్తుంది. తాళం కప్ప మార్చి పాత చెవే చేతిలో పెట్టినట్టు.

2020 జులైలో గ్రబ్‌లోని బూట్‌హోల్ అనే భద్రతా లోపానికి ప్యాచ్ వచ్చినప్పుడు చాలామందికి జరిగింది ఇదే. నల్ల స్క్రీను, 'గ్రబ్_కాలాక్' సింబల్ దొరకలేదని ఒక లైను, కింద గ్రబ్ రెస్క్యూ అనే ప్రాంప్ట్, అంటే సిస్టమ్ లేవలేదని. నాకు మండేది ఎక్కడంటే, బూట్‌హోల్ అనేది సెక్యూర్ బూట్‌ని, అంటే నమ్మకమైన బూట్ ప్రోగ్రాములనే లేవనిచ్చే కాపలాని, దాటిపోయే లోపం. అసలు సెక్యూర్ బూటే లేని పాత బయోస్ మిషన్లకి ఆ ప్యాచ్‌తో ఒరిగేదేమీ లేదు, దెబ్బ మాత్రం వాటికీ తగిలింది.

అలాగని ముట్టుకోకుండా వదిలేస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. ఆర్చ్ అనే ఇంకో లైనక్స్‌లో గ్రబ్ ప్యాకేజీ మారినా గ్రబ్-ఇన్‌స్టాల్ (గ్రబ్‌ని డిస్కులో వేసే కమాండ్) దానంతటది నడవదు, యూజరే నడపాలి. 2022 ఆగస్టులో కొత్త కాన్ఫిగ్ (గ్రబ్ మెనూ ఫైలు) తయారైంది, లోపల పాత గ్రబ్ అలాగే ఉండిపోయింది, కొత్త కాన్ఫిగ్‌లోని ఒక కమాండ్ పాతదానికి అర్థం కాక కొన్ని మిషన్లు లైనక్స్‌లోకి పోకుండా మిషన్ సెట్టింగుల స్క్రీన్లోకి పోయి కూర్చున్నాయి. డెబియన్‌ది ఒక దారి, ఆర్చ్‌ది దానికి పూర్తిగా ఉల్టా దారి, జబ్బు మాత్రం ఒకటే: సగం కొత్త, సగం పాత.

బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐలో బూట్‌లోడర్ మామూలు ఫైలే కాబట్టి కొంత నయం. కాకపోతే అది ఉండే ఫ్యాట్ పార్టిషన్‌కి జర్నల్ (సగంలో ఆగిన రాతను సరిచేసుకునే పద్దు) లేదు, రాస్తుండగా కరెంటు పోతే దేవుడే దిక్కు.

డెబియన్ లాంటివాటిలో కెర్నల్, అంటే సిస్టమ్ గుండెకాయ, చెడిపోతే మెనూలో పాత కెర్నల్ ఉంటుంది, ఎంచుకుని లోపలికి పోవచ్చు. ఆ మెనూ చూపించేదే చెడిపోతే? దానికి వెనక ఇంకో మెనూ లేదు. లైవ్ యూఎస్‌బీ పెట్టి, సీహెచ్‌రూట్ చేసి (అంటే అందులోంచే డిస్కులోని సిస్టమ్‌లోకి దూరి), గ్రబ్ మళ్లీ వేసే మనిషి దేవరకొండలోనో అచ్చంపేటలోనో ఆదివారం సాయంత్రం దొరకాలంటే కష్టమే. అందుకే నా లెక్కలో డిస్ట్రో వాళ్లు (డెబియన్, ఆర్చ్ లాంటివి తయారుచేసేవాళ్లు) కోర్, మాడ్యూల్స్ రెండూ కలిపి మార్చాలి, లేదా రెండూ ముట్టుకోకూడదు.

క్లోన్ చేశాక డెబియన్‌లో డీపీకేజీ-రీకాన్ఫిగర్ గ్రబ్-పీసీ అని కమాండ్ కొడితే డిస్కుల లిస్టు వస్తుంది, కొత్తదానికి టిక్ పెడితే పని అయిపోతుంది. సరే, ఆ సంగతి షాపాయనకి ఎవరు చెప్పాలి? పాత డిస్కు తీసేసి ఉంటే డెబియన్ అనుమానపడి అడుగుతుంది. అది లోపలే ఉంటే మాత్రం అంతా బాగుందనుకుని దానిమీదే రాసేస్తుంది. సిస్టమ్ ఉన్న డిస్కు ఒకటి, తన లిస్టులో ఉన్న డిస్కు ఇంకొకటి అని కనపడుతున్నప్పుడు కూడా ఒక్కసారి ఆగి అడగొచ్చు కదా.